బోరింగుకు కట్టిన వేపమండలు

మా ఇల్లు ఊరి చివర, గుట్టకు పోయే బాట మీద ఉంటుంది. ఆదివారం పొద్దున తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల నుంచి గుట్ట ఎక్కడానికి వచ్చేవాళ్లు మా వాకిలి ముందు నుంచే పోవాలి. మొదట్లో వాళ్లకు పద్ధతి తెలియదు. టమాట మడిలోంచి అడ్డంగా నడిచేవారు. మా కోడలు తల దువ్వుకుంటుంటే ఫోటో తీశారు. నేను ఊరుకోలేదు. చేతిలో చీపురుతోనే అందరినీ నిలబెట్టాను.

"అడిగి లోపలికి రావాలె. ఆడోళ్ల ఫోటోలు తియ్యొద్దు. తెచ్చిన ప్లాస్టిక్ మీరే పట్కపోవాలె. యాడ వేపమండలు కట్టి పసుపు గుడ్డ ఉంటదో, ఆడ చెప్పులిడిసి దండం పెట్టాలె. సమజైందా?"

ఏడేళ్ల కూతురితో వచ్చే ఒకావిడ అవన్నీ ఫోన్‌లో రాసుకుంది. "ఇంకేమైనా ఉందా అమ్మమ్మా?" అని కూడా అడిగింది. నేను నాలుగో తరగతి దాటలేదు. నా మాట ఒకరు రాసుకోవడం అదే మొదలు. కొంచెం గర్వపడ్డాను, దాచను.

గుట్ట కింద పాత బోరింగు ఉంది, చేత్తో కొట్టేది. చుట్టూ మందుల కంపెనీలు వచ్చాక దాని నీళ్లు మారాయి. నురగ, మందుల వాసన. ఆ నీళ్లు తాగిన మా బర్రె మూడు రోజులు మేత ముట్టక చచ్చింది. తాగొద్దని బోర్డు పెడితే వానకు అక్షరాలు పోయాయి. బయటి రాష్ట్రాల కూలీలకు తెలుగు రాదు, మా పిల్లలు మాట వినరు. అందుకని నేనే బోరింగుకు పసుపు గుడ్డ చుట్టి, వేపమండలు కట్టాను. అమ్మవారికి భయపడి ఇక ఎవరూ దాన్ని ముట్టలేదు.

ఒక ఆదివారం పెరట్లో వంకాయలు కోస్తుంటే బోరింగు చప్పుడు వినిపించింది. ఏడాదిగా వినని చప్పుడు. తలెత్తి చూశాను. ఫోన్‌లో రాసుకున్న ఆవిడే కొడుతోంది. చెప్పులు పక్కన జతలుగా పెట్టి ఉన్నాయి. పాప దోసిలి పట్టి, కళ్లకద్దుకుని, తీర్థంలా తాగుతోంది.

"తాగకు బిడ్డా! ఉమ్మెయ్! ఉమ్మెయ్!" అని అరుస్తూ ఉరికాను.

తల్లి బెదిరిపోయింది. "సారీ అమ్మమ్మా, మేం ముట్టుకోకూడదా? చెప్పులు విప్పాం, దండం పెట్టుకున్నాం. మీరు చెప్పినట్టే..."

"ఆడ అమ్మవారు లేదు తల్లీ. ఇసం ఉంది. ఎంత తాగింది?"

"రెండు దోసిళ్లు... ఏముంది ఈ నీళ్లలో?"

"నాకేం ఎరుక? ఆఫీసర్లను అడగంగ అడగంగ మా నోర్లు నొచ్చినయ్. ఇగ నిలవడకు, జల్దీ కారెక్కు."

నేనూ ఎక్కాను. ఆ నీళ్లు సీసాలో పట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పటాన్‌చెరు ఆసుపత్రి చేరేలోపు పాప రెండుసార్లు కక్కింది. డాక్టరు సీసా మూత తీసి వాసన చూశాడు. నా వైపు తిరిగాడు.

"మీ ఇల్లు ఈ బోరింగుకు ఎంత దూరం?"

"నూరడుగులు."

"మీ ఇంట్లో నీళ్లు?"

"గా భూమిలకెల్లే వస్తయ్ సారూ."

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

పాపను రెండు రోజులు ఉంచుకుని పంపారు. నెలకోసారి రక్తం చూడాలన్నారు.

ఊరికొచ్చి వేపమండలు పీకేస్తుంటే పక్కింటామె పరుగెత్తుకొచ్చింది. "ఏంది పెద్దమ్మా, అమ్మతోని ఆటలా? కోపం చేస్తది!"

"ఏ అమ్మనే? కట్టనీకి పసుపు గుడ్డ చింపి ఇచ్చింది నువ్వే గద!"

ఆమె నవ్వలేదు. రోజూ పొద్దున అక్కడ దండం పెట్టుకున్నాకే పనికి పోతున్నదట.

మెకానిక్‌ను పిలిచి పిడి ఊడదీయించాను. అయినా పోయిన వానకు ఆ గొట్టంలోంచి నీళ్లు వాటంతటవే పైకొచ్చాయి, నురగతో, మా వాకిలి దిక్కుకు.

పాప తల్లి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. బాగానే ఉందంటుంది. నేను నమ్మను. "పిల్లకియ్యి ఫోను" అంటాను. ఆ గొంతు వినేదాకా చెవి దగ్గరి నుంచి దించను. మూడో నెల రక్తం కాగితం ఇంకా రాలేదట.