ఆరు థౌల వంకరతో విజయనగరం దాకా

మా ఊరి హోటళ్లలో ఒక్క ఇడ్లీ అమ్మరు. తింటే రెండు తినాలి, లేకపోతే లేచిపోవాలి. ఒకటిన్నర ఇడ్లీ ఆకలితో వచ్చిన మనిషికి శ్రీకాకుళంలో న్యాయం జరగదు. పైగా ఆ రెండూ ఎన్నడూ ఒక్క సైజులో ఉండవు. ఆ గురువారం తెల్లవారి అయిదున్నరకు బస్‌స్టాండు ఎదుటి హోటల్లో కూర్చుని, పెద్దదానితో మొదలుపెట్టాలా చిన్నదానితోనా అని తేల్చుకోలేకుండా ఉండగా, మా బావ సత్యం సైకిలు మీంచి ఒక గోనెసంచి దించి నా కాళ్ల దగ్గర పెట్టాడు. గ్లాసులో నీళ్లు కదిలాయి.

"వైసూ, అడుగు ప్లేటూ ఉన్నాయి. రెండు దిమ్మలు కూడా ఏసినాను," అన్నాడు. "కాళ్ల మీద పడీసుకోకు. వైసుకి దెబ్బ తగిలితే మళ్లీ కష్టం."

బావకు నాగావళి రోడ్డులో ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. అందులో ఒకే ఒక షేపింగ్ మిషను. అది ముందుకూ వెనక్కూ ఊగుతూ ఇనుమును చదును చేస్తుంది. అలా చేస్తున్నప్పుడు ఆ ఇనుము కదలకుండా రెండు దవడల మధ్య బిగించి పట్టుకునేది వైసు. మా ఇంట్లో ఆ పని అక్క చేస్తుంది.

ఈ వైసుకు ఒక విశేషం ఉంది. మిషను బల్లకు ఒక దళసరి ప్లేటు బిగించి ఉంటుంది. ప్లేటుకు రెండు పిన్నులు, వైసు అడుగున వాటికి సరిపడా రెండు బెజ్జాలు. బండి ఇరుసులాంటి పెద్ద సామాను వస్తే వైసు తీసి పక్కన పెడతారు. ఆ పని అయ్యాక మళ్లీ పిన్నుల మీదికి దింపి నాలుగు బోల్టులు బిగిస్తే, వైసు వెంట్రుకవాసి తేడా లేకుండా పాత చోటికే వస్తుంది. కొలతలు మొదటినుంచీ చూసుకోనక్కర్లేదు. దీన్ని తయారుచేసి బావకు అమ్మిన విజయనగరం అప్పలస్వామి మేస్త్రి దాన్ని సున్నా ప్లేటు అంటాడు. ఎన్నిసార్లు లేపినా సున్నా దగ్గరే కూర్చుంటుందని.

ఇప్పుడు కూర్చోవడం లేదు. విజయనగరం చివర ఉన్న ఒక మిల్లు వాళ్లు పనితనం చూద్దామని బావకు పన్నెండు బేరింగు దిమ్మలు చెయ్యమని ఇచ్చారు. నచ్చితే ఏడాది పొడుగునా పని. బావ నాలుగు చేసి పంపితే నాలుగూ వెనక్కి వచ్చాయి. ఒక పక్క ఆరు థౌలు ఎత్తుగా ఉన్నాయట. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఆరు థౌలంటే పంచాంగంలో రెండు కాగితాల మందం. శనివారానికి సరైనవి రాకపోతే పని విశాఖపట్నం వాళ్లకు పోతుందని ఫోర్‌మన్‌గారు కబురు పెట్టారు. పోతే బావ మళ్లీ బండి ఇరుసులతో బతకాలి. అది ఆయనకు కొత్త కాదు. కానీ అక్క అప్పటికే వీధిలో మిల్లు కంట్రాక్టరుగారి భార్య అయిపోయింది. ఆవిడ దిగి రావడం కష్టం.

నేను బీయెస్సీ ఫిజిక్సు. ఉద్యోగం కోసం ఎదురుచూడటమే ఉద్యోగంగా ఉన్నవాణ్ని. కనుక రెండు రోజులు మిషను చుట్టూ తిరిగి, గది నేల వాలుగా ఉండవచ్చుననీ, వేడికి ఇనుము వ్యాకోచించి ఉండవచ్చుననీ అభిప్రాయపడ్డాను. బావ ఓపికగా విని మేస్త్రికి కార్డు రాశాడు: "నువ్వు అమ్మిన వైసు వంకర." తిరుగు టపాలో జవాబు వచ్చింది: "వంకర నాది కాదు. తెచ్చి చూపించు."

"నాను ఎళ్తే గొడవైపోద్ది," అన్నాడు బావ. "నువ్వు సదువుకున్నోడివి. తిట్టినా నీకు తగల్దు."

అయిదూ నలభై అయిదుకు బస్సు. ఆమదాలవలసకు నలభై అయిదు పైసలు, గోనెసంచికి అరటిక్కెట్టు. కండక్టరు సంచిని కాలితో జరపబోయి, కాలు పట్టుకుని, "ఏటి బాబూ ఇందులో, బీరువాయా?" అని అడిగాడు. ఈ దారిన వైసుతో వెళ్లదలచిన వారికి నా సలహా ఒక్కటే. సంచి పక్కన వెడల్పుగా ఉన్న మనిషిని కూర్చోబెట్టుకోండి. మలుపుల్లో సంచి ఆగుతుంది.

ఏడు దాటిన పదినిమిషాలకు రావలసిన పాసింజరు ఏడున్నరకు వచ్చింది. మూడో తరగతి. కూలీ సంచి ఎత్తి, మళ్లీ దించి, నా ముఖంలోకి చూసి, ఇంకొకణ్ని పిలిచాడు. ఇద్దరికీ చెరో పావలా. పెట్టెలో కళింగపట్నం వైపునుంచి ఎండుచేపల గంపతో వచ్చిన ఒకావిడ చోటు లేక నిలబడి ఉంది.

"బాబూ, నీ మూట మీద కూకోనా?"

"కూర్చో అమ్మా. నలగదు."

కూర్చుంది. దూసి స్టేషను రాకముందే లేచింది.

"ఏటెట్టినావు బాబూ లోపల? నడుం ఇరిగిపోతంది."

"వైసు."

"అదేటి సేస్తాది?"

"ఒకసారి పట్టుకుంటే వదలదు."

"మా అత్తలాగ," అని, ఇంకో పక్కకు తిరిగి మళ్లీ కూర్చుంది. "మరి ఎక్కడికి మోసుకెళ్తన్నావు?"

"విజయనగరం. ఆరోగ్యం బాగులేదు."

"దేనికి, దీనికా?" అని మూటను ఒకసారి తట్టి, జాలిపడింది.

పొందూరులో ఖద్దరు మూటలతో ఇద్దరు ఎక్కారు. వాళ్ల మూటలు మెత్తనివి కావడం చూసి ఆవిడ నా వైసును క్షణంలో వదిలేసింది. చీపురుపల్లిలో పది నయాపైసలకు టీ. టీలో వేడి తప్ప వేరే ఏమీ లేదు, టీతో సహా. గరివిడిలో ఫ్యాక్టరీ పొగ కాసేపు పెట్టెలోకి వచ్చి కూర్చుని, టిక్కెట్టు లేకుండానే నెల్లిమర్ల దాకా వచ్చింది. తొమ్మిదీ యాభైకి విజయనగరం.

రిక్షా ముప్పావలా. గంటస్తంభం దగ్గర చిన్న ఎత్తు ఉంది. అక్కడ రిక్షావాడు ఆగి, "బాబూ, ఇద్దర్లో ఒకరు దిగాలి," అన్నాడు. ఇద్దరిలో నడవగలవాణ్ని నేనే గనక దిగాను. వైసు దర్జాగా కూర్చుని ముందు వెళ్లింది, నేను వెనక నడిచాను.

అప్పలస్వామి మేస్త్రికి డెబ్బై దగ్గర. కళ్లజోడు చెవులకు దారంతో కట్టి ఉంది. నన్ను చూడలేదు, సంచిని చూశాడు.

"సత్యం రానేదేటి?"

"బావకి కొంచెం జ్వరం మేస్త్రీ."

"నా కార్డు అందినకాడినుంచా?"

సంచి విప్పాడు. తన మిషను బల్ల మీద మా ప్లేటు బిగించి, వైసు దింపి, నాలుగు బోల్టులూ వేశాడు. దవడల మధ్య ఒక చదునైన ముక్క పెట్టి, థౌలు కొలిచే డయలు ముల్లు దాని మీద ఆనించి, మెల్లగా జరిపాడు. ముల్లు నడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆరు దగ్గర ఆగింది.

మేస్త్రి కళ్లజోడు సర్దుకుని ముల్లును మళ్లీ చూశాడు. ఆయన చేత్తో చేసిన వస్తువు ఆయన కళ్లెదుట ఆరు థౌలు అబద్ధం చెబుతోంది. నాకు బావ కన్నా ఈయన కోసమే భయం వేసింది. బోల్టులు విప్పి వైసు లేపి పక్కన పెట్టి, ప్లేటు మీద బొటనవేలు పెట్టి ఒక మూల నుంచి ఇంకో మూలకు, గుడ్డివాడు చుక్కల అక్షరాలు చదివినట్టు, నెమ్మదిగా పోనిచ్చాడు. ఒకచోట వేలు ఆగింది.

"మీ మిషను గోడకి ఎంత దూరం?"

"ఆనించే ఉంటుంది."

"మీ అక్క పొట్టి మనిసా?"

ఫిజిక్సు ప్రాక్టికల్సులో కూడా నన్నెవరూ ఇంత అనుకోని ప్రశ్న అడగలేదు. అవునన్నాను.

"దసరాకి పూజ ఆవిడే సేస్తాదా?"

"ఆవిడే."

"సూడు," అని నా వేలు పట్టుకుని ప్లేటు ముందు అంచున పెట్టాడు. రెండు మూలల్లో రెండు నల్లటి మచ్చలు. నూనెలో ఊరి, బోల్టుల కింద నలిగి, లక్కలా గట్టిపడిన పసుపూ కుంకుమా. వాటిని నేను చూడకపోలేదు. అందరం చూశాం. ప్రతి దసరాకూ బావ వైసు లేపి కడుగుతాడు. అక్క వచ్చి, బయటపడిన ప్లేటుకు ఆముదంతో తడిపిన పసుపు రాసి బొట్లు పెడుతుంది. గోడవైపు మూలలకు ఆవిడ చెయ్యి అందదు. ముందు మూలలకు అందుతుంది. ఆ తరవాత ఏడాది పొడుగునా బావ వైసు లేపి ఇనుప రజను కుంచెతో ఊడ్చినప్పుడల్లా ఆ రెండు బొట్ల చుట్టూ జాగ్రత్తగా ఊడుస్తాడు. బొట్టు తుడవకూడదు గనక. వచ్చే దసరాకు దాని మీద ఇంకొకటి.

"ఎన్ని దసరాలైంది?"

"పోయిన దసరాతో నాలుగు."

"ఏడాదికి థౌన్నర," అన్నాడు మేస్త్రి, లెక్క సరిపోయినందుకు మెత్తబడిపోతూ. "బండి ఇరుసుకి ఇది తెలీదు. మిల్లోళ్ల దిమ్మకి తెలిసిపోద్ది."

"మరి గీకెయ్యండి."

ఆయన నన్ను అప్పుడు మొదటిసారి చూశాడు. "బొట్టు బాబూ. పెయింటు కాదు."

చెప్పులు విప్పాడు. చేతులు కడుక్కున్నాడు. ప్లేటును కళ్లకద్దుకుని, గీకుడుపట్టీ తీసి, జబ్బుమనిషికి గడ్డం గీసేవాడిలా గీకాడు. రాలిన పొడిని కింద పడనివ్వకుండా కాగితంలో పట్టి పొట్లం కట్టి నా జేబులో పెట్టాడు. "తొక్కేసోట ఎయ్యకు. నాగావళిలో కలిపీ." తరవాత ప్లేటు పక్క అంచుకు, దేనికీ ఆనని చోట, తనే ఒక బొట్టు పెట్టాడు. "అక్కకి సెప్పు. దేవుడు పక్కనుంచైనా సూస్తాడు. అడుగునే ఉండక్కర్నేదు."

మళ్లీ వైసు దింపి, డయలు ఆనించి, ముల్లు జరిపాడు. అది కదలలేదు. వైసు లేపి మళ్లీ దింపాడు. కదలలేదు. ఇలా అయిదుసార్లు చేశాడు. మూడోసారి నుంచి అవసరం లేదు, సరదాకే చేశాడు. నేను ఆరోసారి అడిగి చేయించుకున్నాను. ముప్ఫై కిలోల ఇనుము ఎగిరి వచ్చి సరిగ్గా పాత చోటే కూర్చోవడం చూస్తుంటే ఎందుకో నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులు ఒక వైసును చూసి నవ్వుతుంటే, పక్క కొట్లో మంగలి కత్తి ఆపి తొంగిచూశాడు.

పన్నెండున్నరకల్లా నేను తెచ్చిన రెండు దిమ్మలూ అక్కడే కోశాడు. మెయిన్ రోడ్డులో భోజనం రూపాయి. చారు బాగుంది, మజ్జిగ మాత్రం చారు కన్నా పల్చగా ఉంది. మేస్త్రి తినలేదు. మా బావకు కార్డు రాస్తూ కూర్చున్నాడు. అందులో రెండే మాటలు: "నాది కాదు."

రెండింటికి మిల్లు గేటు. ఫోర్‌మన్‌గారు సన్నగా, ఇస్త్రీ చేసినట్టు ఉంటాడు. దిమ్మల్ని నాలుగు పక్కలా మైక్రోమీటరుతో పట్టి చూశాడు. మళ్లీ చూశాడు. నేను ఆయన కనుబొమలు చూస్తూ నిలబడ్డాను.

"ఇవెవరు చేశారు?"

"వైసు మాది. మిషను అప్పలస్వామి మేస్త్రిది."

"మీ మిషను మీద కూడా ఇలాగే వస్తాయా?"

"వస్తాయండీ. వంకర మిషనులో లేదు."

"మరెక్కడుంది?"

"జేబులో ఉందండీ," అన్నాను. ఆయన దాన్ని నిరుద్యోగుల హాస్యంగా తీసుకున్నాడు.

"మిగతా పదీ శనివారం సాయంత్రంలోగా ఇలాగే ఉంటే, పని మీ బావదే," అని దిమ్మలు రెండూ తన బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. వెనక్కి ఇవ్వలేదు. నాలుగు దిమ్మలు తిరిగొచ్చిన చోట రెండు ఆగిపోవడం ఎంత ఆనందమో గేటు దాటాక తెలిసింది. రిక్షావాడికి ముప్పావలా బదులు రూపాయి ఇచ్చాను. వాడు వైసుకు కూడా నమస్కారం పెట్టాడు.

నాలుగున్నర బండి. కిటకిటలాడుతోంది. చీపురుపల్లి దాటేదాకా సంచి మీద ఒంటికాలితో నిలబడ్డాను. దూసి దాటి బండి నాగావళి వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కిటికీ దగ్గరున్న రైతును జరగమని, జేబులో పొట్లం తీసి, కళ్లకద్దుకుని, విప్పి నీళ్లలోకి వదిలాను. నలుపు తిరిగిన ఎర్రపొడి కాసేపు గాలిలో నిలబడి, ఏటిలో కలిసిపోయింది.

రైతు తలగుడ్డ తీశాడు.

"ఎవులు బాబూ?"

"చాలా గట్టిపడిపోయిందండీ, తప్పలేదు," అన్నాను.

"అంతే బాబూ, అంతే," అని లేచి తన చోటు నాకిచ్చాడు. అస్థికలు కావని చెప్పడం ధర్మమే. కానీ కాళ్లు నొప్పి పుట్టి ఉన్నాయి, స్టేషను దగ్గరకొచ్చింది. కూర్చున్నాను.

చివరి బస్సులో ఆలోచిస్తే, ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నది ఇంతే. రానూ పోనూ వంద మైళ్లు తిరిగి, ఖర్చులన్నీ కలిపి ఎనిమిది రూపాయల లోపు, రెండు కాగితాల మందం భక్తిని ఇనుము మీంచి లేపాం. ఇంత సంతోషంగా ఇంత బరువు నేనెప్పుడూ మోయలేదు.

ఎనిమిది కావస్తుండగా శ్రీకాకుళం బస్‌స్టాండులో బావా అక్కా ఇద్దరూ ఉన్నారు. బావకు ముందు కార్డు ఇచ్చాను, తరవాత ఫోర్‌మన్ మాట చెప్పాను, ఆ తరవాత బొట్టు సంగతి. ఆయన సంచి మీద చెయ్యి వేసి, అక్కవైపు చూడకుండా, గట్టిగా ఊపిరి వదిలాడు. అక్క సంచి మూతి విప్పింది. వంగి, ప్లేటు ముందు అంచున రెండు మూలలూ వేళ్లతో తడిమింది. నున్నగా, చల్లగా ఉన్నాయి. పక్కన మేస్త్రి పెట్టిన బొట్టు ఆవిడకు కనబడలేదో, కనబడినా లెక్కలోకి తీసుకోలేదో.

"నాలుగేళ్లూ మనకి కూడెట్టింది ఆ బొట్టేరా," అంది. "దాన్ని గీకించీసుకుని నవ్వుకుంటొస్తన్నావా?"