తెల్లన్నం తిని కాళ్ళు పడిపోయిన ఏడాది

నాకు జబ్బేమీ లేదని, నటిస్తున్నానని హాస్టలు వార్డెను రిజిస్టరులో రాశాడు. అది అబద్ధం. ఆ అబద్ధం మీదే నన్ను ఇంటర్మీడియెట్ రెండో ఏడాది పరీక్షకు కూర్చోనివ్వకుండా ఇంటికి పంపారు. ఆ తరవాత నేను ఏ కాలేజీ మెట్టూ ఎక్కలేదు. చదివిందంతా సొంతంగా చదివిందే. ఇప్పుడు నాకు ఎనభై దాటింది. కోపం పోలేదు, పోగొట్టుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు.

ఈ పత్రికలో కాలేజీ పిల్లలకు ఆరోగ్య సూత్రాలు చెబుతున్నారు. పొద్దున్నే లేవండి, నీళ్ళు తాగండి, దిగులు పడకండి అంటున్నారు. మంచి మాటలే, కాదనను. కానీ పొద్దున్నే లేచి, నీళ్ళు తాగి, దిగులు లేకుండా తిరిగినవాడే కాళ్ళు పడిపోయి మంచమెక్కిన సంగతి ఒకటుంది. అది నా సంగతి.

మాది కొనకనమిట్ల దగ్గర పల్లె. అవి మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు, మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. మెట్ట నేల. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పండినదే తిండి. వరన్నం పండగకు వండేవాళ్ళు, చుట్టం వస్తే వండేవాళ్ళు, ఇంట్లో ఎవరైనా మంచాన పడితే వండేవాళ్ళు. పండగ కాని రోజు ఏ ఇంట్లోనైనా వరన్నం వార్చుతుంటే పక్కింటివాళ్ళు "ఎవరికి బాగలేదు?" అని పలకరించేవాళ్ళు.

అలాంటి ఇంటి నుంచి మీటరుగేజి రైలెక్కి కోస్తా పట్నంలో కాలేజీకి పోయాను. ఆ పట్నం పేరు రాయను. హాస్టల్లో మొదటి పూట ఆకులో మల్లెపూల కుప్పలాగా అన్నం పోశారు. నా గదిలో ఉండే కృష్ణమూర్తి డెల్టావాడు. నా వంక చూసి, "ఏమోయ్, మీ వైపు సంకటి తింటారటగా? కొరుకుతారా, మింగుతారా?" అన్నాడు. పంక్తిలో అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు సంకటి.

అమ్మ మూట కట్టి ఇచ్చిన సజ్జ రొట్టెలు, వేయించిన శనక్కాయలు మంచం కింద ఉన్నాయి. ఎవరైనా చూస్తారని సిగ్గేసి, మర్నాడే బండివాడికి ఇచ్చేశాను. ఇంక ఆ వైపు తిండి ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఈ తప్పు నాది, దాచను.

మిల్లులో తెల్లగా పట్టించిన బియ్యం. వంటవాడు వాటిని మూడుసార్లు కడిగి, ఉడికించి, గంజి వార్చి పారబోసేవాడు. పప్పు నీళ్ళలాగా ఉండేది. నేను అన్నం మీద ఆశతో చారు పోసుకుని ఒకసారి, మజ్జిగ పోసుకుని రెండుసార్లు తినేవాణ్ణి. కృష్ణమూర్తి శనివారం శనివారం ఇంటికి పోయి పప్పూ కూరలూ తినివచ్చేవాడు. నేను పెద్ద సెలవులకే పోయేవాణ్ణి. పోయినా, కాలేజీ చదివే కొడుకని అమ్మ నన్ను చుట్టం కింద లెక్కగట్టి నాకు మాత్రం వరన్నం వండేది. ఏడాదిన్నర నా ఒంట్లోకి వేరే తిండి పోయిందంటే లెక్కలోకి రానంతే.

రెండో ఏడాది, దసరా సెలవులు అయిపోయి వచ్చాక, ఒక పొద్దున డ్రిల్లుకు వరసలో నడుస్తున్నాం. వెనక నుంచి కృష్ణమూర్తి, "సంకటీ, నీ చెప్పు నీతో రానంటోంది" అన్నాడు. చూసుకుంటే ఎడమ కాలు వట్టిదే. చెప్పు పది అడుగుల వెనక పడి ఉంది. ఊడినట్టు నాకు తెలియనే లేదు. ఒంగి పాదం గిల్లుకున్నాను. ఇంకెవరి కాలో గిల్లినట్టుంది.

అప్పటి నుంచి కుదురు లేదు. అరికాళ్ళు మండేవి. పిక్కలు ముట్టుకుంటే నొప్పి. కింద కూర్చుంటే గోడ పట్టుకుంటే తప్ప లేవలేను. క్లాసులో కూర్చోలేను, నిలబడలేను. వార్డెను దగ్గరికి పోయాను. ఆయన మాకు లాజిక్ చెప్పే మేష్టరు కూడా.

"సార్, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి."

"కూర్చుంటే ఎవరికైనా ఎక్కుతాయోయ్. లేచి తిరుగు."

"తిరగలేకపోతున్నాను సార్."

"డ్రిల్లుకు తిరగలేవు, భోజనానికి తిరగగలవు. మూడుసార్లు వడ్డించుకుంటావని వంటవాడు చెప్పాడు."

హాస్టలుకు వారానికొకసారి వచ్చే డాక్టరు నా నాలుక చూసి "జనరల్ వీక్‌నెస్" అని ఎర్ర మిక్స్చరు ఇచ్చాడు. పరీక్షలు దగ్గరికొస్తే కుర్రాళ్ళకు ఇట్లాంటివి వస్తాయని వార్డెనుతో అని నవ్వాడు. ఇద్దరూ నా ఎదుటే నవ్వుకున్నారు. తరవాత వారం మేడ మెట్ల మీద పడిపోయాను. లేపి కూర్చోబెట్టాక వార్డెను రిజిస్టరు తెప్పించి, నా పేరు పక్కన ఇంగ్లీషులో ఒక మాట రాశాడు. మాలింగరింగ్. ఆ మాట అంతకుముందు నేను వినలేదు. గదికి పాకినట్టు పోయి డిక్షనరీలో చూశాను. జబ్బు నటించడం అని ఉంది. నటించినవాడికి సెలవు చెల్లదని, హాజరు చాలలేదని అన్నారు, ఇంటికి పొమ్మని కాగితం ఇచ్చారు.

మార్కాపురం స్టేషనుకు నాయన బండి తోలుకొచ్చాడు. రైలు దిగి నాలుగడుగులు వేసేసరికి, "ఏందిరా, తాగినోడి లెక్క నడుస్తాండావు?" అన్నాడు. కాగితం ఇచ్చాను. ఆయనకు చదవడం రాదు.

"ఏం రాసినారు?"

"జబ్బు లేదని రాసినారు నాయనా."

నాయన వంగి నా చీలమండలు చూశాడు. అప్పటికే వాచి ఉన్నాయి. వేలితో నొక్కి చూసి, "మరి కాళ్ళు చూళ్ళేదా వాళ్ళు?" అన్నాడు.

ఇంటికి వచ్చాక అసలు కథ మొదలైంది. కొడుకు మంచాన పడ్డాడని అమ్మ పథ్యం పెట్టింది. పథ్యమంటే మాకు వరన్నం. నాయన మార్కాపురం దుకాణంలో తెల్లటి పాత బియ్యం ఏరి మరీ తెచ్చాడు, పాతవైతే తేలిగ్గా అరుగుతాయని. పప్పు వాతమని మాన్పించారు. ఆకుకూర జలుబని మాన్పించారు. శనక్కాయ పైత్యమన్నారు. అన్నం, చారు, అంతే. వాళ్ళు అటు మూల కూర్చుని జొన్న సంకటి, గోంగూర పప్పు తింటుంటే నాకు ప్రాణం లాగేది.

"అమ్మా, ఒక ముద్ద సంకటి పెట్టు."

"ఊరుకో అబ్బయ్యా. కాలేజీ చదివే కొడుకు మంచంలో ఉంటే సంకటి మింగించిందని ఊరంతా నా మొగాన ఉమ్మేస్తాది."

నేను ఎంత నీరసపడితే అంత అన్నం పెట్టింది. నెల తిరిగేసరికి వాపు మోకాళ్ళు దాటింది. పడుకుంటే ఊపిరాడదు. గుండె చెవుల్లో కొట్టుకునేది. చదువు తలకెక్కక వచ్చి పడుకున్నాడని ఊళ్ళో అనుకుంటున్నారని తెలుసు. నిజంగానే నటిస్తున్నానేమో, నాకే తెలియకుండా నటిస్తున్నానేమో అని కూడా ఒక మధ్యాహ్నం అనిపించింది. ఒక మనిషి చేత అట్లా అనుకునేట్టు చేయడం ఎంత పాపమో రాసినవాళ్ళకు తెలియదు.

నాయన బండిలో వరిగడ్డి పరిచి నన్ను మిషన్ ఆసుపత్రికి తోలుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ ఉండేది, మా వైపు మనిషే. నా నాలుక అడగలేదు.

"గొంతుకూర్చో నాయనా. చేతులు నెత్తిన పెట్టుకో. ఇప్పుడు లే."

లేవలేక పక్కకు పడ్డాను. మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టింది. కాలు కదల్లేదు. "రిఫ్లెక్స్ లేదు" అని నర్సుతో రాయించింది. ముంగాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. "ఎడీమా, నీటి వాపు." పిక్క నొక్కితే కేక పెట్టాను. అప్పుడు అడిగింది.

"ఏం తింటాండావు?"

అన్ని నెలల్లో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆమె. ఏం తింటున్నావని అడగడానికి ఎంత చదువు కావాలి? నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "మేమేదో జొన్నలూ కొర్రలూ తింటాండాం తల్లీ. బిడ్డకు మాత్రం తెల్లన్నమే. పప్పు గూడా ముట్టనీలేదు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "బెరిబెరి. ఇది సముద్రం పక్క జిల్లాల జబ్బు. మీ మెట్ట ఊళ్ళ నుంచి నా దగ్గరికి ఇంతవరకు ఒక్కరూ రాలేదు. యాడ తెచ్చుకున్నావు?"

"కాలేజీలో."

"బాగానే చదివినావు" అంది. నవ్వలేదు. తరవాత విడమర్చి చెప్పింది. బియ్యం మీది తవుడులో విటమిన్ బీ వన్ ఉంటుంది. మిల్లు దాన్ని తీసేస్తుంది. ఉన్న కాస్తా కడిగిన నీళ్ళలో, వార్చిన గంజిలో పోతుంది. "ఇంక నీకు మిగిలింది తెలుపు. తెలుపుతో నరాలు బతకవు, గుండె బతకదు." అమ్మ వైపు తిరిగి, "మీరు తినేది వీడికి పెట్టమ్మా. వీడు తినేది ఇంక ఎవరికీ పెట్టొద్దు" అంది.

ఇంజెక్షన్లు వేసి, ఈస్టు పొడి ఇచ్చి, తవుడు బెల్లంతో కలిపి ఉండలు చేసి పెట్టమని చెప్పి పంపింది. బండిలో అమ్మ ఊరు వచ్చేదాకా గొణుగుతూనే ఉంది. "మనిషి పడుంటే తవుడు పెట్టమంటాది. తవుడు ఎనుములకు పెట్టేది." ఇంజెక్షన్ల బలంతో వారం రోజులు తేలికపడ్డాను. అంతే, అన్నం వంటపట్టిందనుకుని అమ్మ మళ్ళీ వరన్నం మొదలుపెట్టింది. తవుడు నిజంగానే ఎనుముకు పెట్టింది. మూడో వారం ఊపిరి అందక పెదాలు నల్లబడితే మళ్ళీ బండి కట్టారు. ఈసారి ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

డాక్టరమ్మ అమ్మను తిట్టలేదు. మంచం పక్కన కూర్చోబెట్టి, "అక్కా, నువ్వు ప్రేమగానే పెట్టినావు. దానికే వీడు పోతాండాడు" అంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ సాయంత్రం తవుడు ఉండలు చేసుకొచ్చి, ముందు తను ఒకటి నోట్లో వేసుకుని నమిలి, తరవాత నాకు పెట్టింది. గొంతులో గరగర పట్టుకునే తిండి. ఇద్దరం దగ్గుకుంటూ తిన్నాం.

వాపు కొద్దిరోజుల్లోనే దిగింది. ఊపిరి కుదుటపడింది. కాళ్ళు మాత్రం తొందరగా రాలేదు. కంది సాళ్ళ మధ్య వెదురు కర్ర పట్టుకుని నడక మళ్ళీ నేర్చుకున్నాను. జొన్న సంకటి, పప్పు, శనక్కాయలు, పొట్టు తియ్యని పెసలు. ఏడాదికి కర్ర వదిలాను. అప్పటికి కాలేజీలో నాతోటి వాళ్ళు పాసై వెళ్ళిపోయారు. నేను మార్కాపురంలో పలకలకు చట్రాలు బిగించే పనిలో చేరాను, కూర్చుని చేసే పని కాబట్టి. ఊరూరి పిల్లలకూ పలకలు బిగించి పంపుతూ, మధ్యలో దొరికిన పుస్తకమల్లా చదివాను.

ఇప్పుడు రోజూ పొద్దున మైలు దూరం నడుస్తాను. ఎడమ కాలి రెండు వేళ్ళకు ఇంకా స్పర్శ లేదు. మొన్న మా వీధిలో ఇంజనీరింగు చదివే పిల్ల సెలవులకు వచ్చింది.

"హాస్టల్లో ఏం తింటావమ్మా?"

"మెస్సులో బాగోదు తాతా. నూడుల్స్, లేకపోతే రైసూ పెరుగూ."

"రోజూ అదేనా?"

"అడిగి మరీ తిడతావేంది తాతా" అని నవ్వి పోయింది. తిట్టానా? తిట్టే ఉంటాను.

పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. నన్ను చూసి తవుడు తినొద్దు, అది నా జబ్బుకు నా డాక్టరు చెప్పిన మందు. ఒంట్లో ఏది తేడాగా ఉన్నా, డాక్టరు దగ్గరికి పోయే ముందు వారం రోజులు మీరు తిన్నదంతా ఒక కాగితం మీద రాసుకోండి. తాగిన టీలు, ఎగ్గొట్టిన పూటలు అన్నీ, సిగ్గుపడకుండా. ఆయన అడగకపోయినా ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి.

ఇక నా రిజిస్టరు సంగతి. డాక్టరమ్మ ఇచ్చిన సర్టిఫికెట్టుకు నకలు రాసి కాలేజీకి పంపాను. పరీక్ష అడగలేదు, సీటు అడగలేదు. ఆ ఒక్క మాట కొట్టేయమన్నాను. జవాబు లేదు. ఏటా ఫలితాలు వచ్చే రోజుల్లో ఒక కార్డు రాసేవాణ్ణి. నాయన "ఇంక వదిలెయ్‌రా" అన్నా రాశాను. ఎనిమిదేళ్ళు రాశాను. తొమ్మిదో ఏడు జవాబు వచ్చింది. కాలేజీ నుంచి కాదు, వార్డెను స్వయంగా తన ఇంటి నుంచి రాసింది. అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"చి. సుబ్బయ్యకు. నీ కార్డులన్నియు నాకు చేరినవి. జవాబు వ్రాయనిది నా తప్పు. ఆ రోజుల్లో నేనూ హాస్టలు భోజనమే చేసేవాడిని. నా కాళ్ళు కూడా నీ కాళ్ళవలెనే తిమ్మిరెక్కి ఉండేవి. అది అందరికీ ఉండేదే, ఓర్చుకొనవలసినదే అనుకొంటిని. నీవు ఓర్చుకొనలేక నటించుచున్నావని వ్రాసితిని. రెండేళ్ళుగా నేను మంచము దిగలేదు. ఆ డాక్టరు నిన్ను ఏమేమి తినమన్నదో, ఎంతకాలము తింటివో, వెంటనే వ్రాయవలెను."