నేను మార్చి చెప్పిన మాట

ప్రేమ్ అసలు చెప్పిన మాటను నిరుడు నేను బయటికి రానివ్వలేదు.

రేపల్లె దగ్గర ఒక రైస్ మిల్లులో నేను సూపర్‌వైజర్‌ని. నేపాల్ నుంచి వచ్చిన ప్రేమ్ మా దగ్గర కూలీ. మిషన్ బెల్టుకు మూత లేదని అతను నాతో రెండుసార్లు చెప్పాడు. చివరికి ఆ బెల్టులోనే అతని కుడిచెయ్యి పడి, మూడు వేళ్లు పోయాయి.

అతన్ని చేర్చిన తెనాలి ఆసుపత్రికి విచారణకు కార్మికశాఖ అధికారి వచ్చారు. ప్రేమ్‌కు తెలుగు రాదనే అనుకున్నాం; అక్కడ హిందీ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఓనరు నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ప్రేమ్ హిందీలో ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను అధికారి వైపు తిరిగాను.

"సెలవురోజు బయటెక్కడో ట్రాక్టరు బాగుచేస్తుంటే తెగాయటండి" అన్నాను.

అధికారి వెళ్లాక, ఓనరు చెప్పమన్నట్టే, "పరదేశం వాళ్లకి కేసు ఉండదు" అని ప్రేమ్‌కు హిందీలో చెప్పాను.

పనిలో దెబ్బ తగిలితే ఏ దేశం వాళ్లకైనా పరిహారం అడిగే హక్కుందని, ప్రేమ్‌కు ఇంకా గడువుందని ఈ మధ్య ఒక లాయరు చెప్పారు. వెతుక్కుంటూ వెళితే బాపట్లలో నూడుల్స్ బండి దగ్గర దొరికాడు, ఎడమచేత్తో గరిటె తిప్పుతూ. దారంతా మనసులో కూర్చుకున్న హిందీ మాటలతో మొదలుపెట్టాను.

"తెలుగులో చెప్పండి సార్. నేనొచ్చి నాలుగేళ్లయింది. ఆసుపత్రిలో మీరు అధికారికి చెప్పింది కూడా అర్థమైందండి."

"మరి అప్పుడే అనలేదేంటయ్యా?"

"మీరే వెనక్కొచ్చి సరిచేసి చెప్తారనుకున్నానండి. సాయంత్రం దాకా తలుపు వైపే చూశాను."

"తప్పయిపోయింది ప్రేమ్. నన్ను క్షమించు. ఆ అధికారి ఆఫీసుకే వెళ్లి నిజం చెప్తాను, రా" అన్నాను.