బడేబీ తినే వేళ

నాగర్‌కర్నూల్ బడేబీ వండిన దావత్‌లో తిన్నవాళ్ళు మర్నాడు కూడా చెయ్యి వాసన చూసుకునేవారు. అంత చేయి తిరిగిన మనిషి. భర్త పోయి పదేళ్ళు, పిల్లల్లేరు. పెళ్ళిళ్ళ వంటే ఆమెకు బతుకుదెరువు, చుట్టరికం కూడా. వంటకు పిలిచిన ప్రతి ఇల్లూ ఆమెను పిన్నిని పిలిచినట్టు 'ఖాలా' అనేది.

రెండు వేల ఏడులో ఆమె షుగర్ మాత్రలకు లొంగలేదు. డాక్టరు ఇన్సులిన్ పెన్ను రాసి, మూడు పూటలా తిండికి ముందు పొడుచుకోమన్నాడు. "సూది ఏసుకున్నంక అర్ధగంటల తినాలె, మర్వకు" అని మరీ మరీ చెప్పాడు. సూది మాట విన్నది గాని, తిండి మాట విననే లేదు. వంటామె అందరికన్నా ముందు తింటే ఇంకేమైనా ఉందా! ఆఖరి బంతి లేచేదాకా మెతుకు ముట్టకూడదని తల్లి నేర్పింది. అలా సూది డాక్టరు చెప్పిన వేళకు, తిండి అమ్మ చెప్పిన వేళకు. ఒంట్లో వణుకు పుట్టి చెమటలు పడితే పొయ్యి వేడి అనుకునేది.

బిజినేపల్లిలో అహ్మద్ కూతురి పెళ్ళినాడు, ఒంటిగంటకు బంతి అన్నారు. బడేబీ గోడచాటుకు వెళ్ళి పెన్ను పొడుచుకుంది. పెళ్ళికొడుకు వాళ్ళ బస్సు దారిలో ఆగిపోయి, మూడైనా రాలేదు. ఆమె పొయ్యి మీది పెద్ద దేగ్ పక్కనే కూలబడింది. కళ్ళు తెరిచే ఉంది, మాట రావడం లేదు. ఎవరో షర్బత్ తెస్తే ఇంకొకరు అడ్డుపడ్డారు.

"షుగరున్న మనిషికి తీపి పోస్తరా? సంపుతరా ఏంది?"

పెళ్ళికొచ్చిన నర్సు సరోజ వాళ్ళను తోసుకుని వచ్చింది. "షుగర్ పడిపోయింది, జర జరుగుండ్రి!" అని ఆ షర్బతే గుక్కగుక్కగా తాగించింది. కాసేపటికి బడేబీ లేచి కూర్చుంది.

ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. "ఇంక ఆరాం చెయ్ ఖాలా, గింత కష్టం నీకెందుకు?" అన్నాడు అహ్మద్. ఊరంతా అదే ప్రేమ, అదే మాట. ఆ తర్వాతి ఏడాది పెళ్ళిళ్ళన్నీ ఆమె లేకుండానే జరిగిపోయాయి. పక్క వీధిలో మసాలా వాసన వస్తే, ఎవరు వండుతున్నారో అడగకుండా తలుపు వేసుకునేది. ఏడుపొచ్చేది.

ఇప్పుడు పొద్దున్నే బిజినేపల్లి రోడ్డున నడక. ఇంటికొచ్చి సూది, గడియారం చూసుకుని రెండు జొన్నరొట్టెలు, ఇంత ఆకుకూర. మణుగుల లెక్కన వండిన చేతికి ఒక్క మనిషి కొలత పట్టుబడలేదు. రోజూ కూర మిగిలేది.

ఏడాది తర్వాత డాక్టరు రిపోర్టు చూసి నవ్వాడు. "మూడు నెలల షుగర్ గింత మంచిగ ఎన్నడూ లేకుండె. ఏం జేసినవమ్మా?" బెంచీ మీద కూర్చున్న రోగులతో, "ఈ అమ్మను జూసి నేర్చుకోండ్రి" అన్నాడు కూడా.

బడేబీ కొంగు సర్దుకుంది. "ఏం జెయ్యలే సార్. యాళకు తింటున్న. నాకంటె ముందు తినేటోళ్ళు ఎవ్వరు లేరు గద."