పరిశోధనకు కీ

పరిశోధనకు నేను కీ రాశాను. పరీక్ష పేపరుకు కీ రాయడం మాస్టారి ఉద్యోగంలో భాగం. ఇంకా ఎవరూ మొదలుపెట్టని పరిశోధనకు ఫలితం ఏమిటో ముందే కాగితం మీద రాసి సొరుగులో పెట్టుకోవడం మాత్రం నా సొంత తెలివి. అది చాలా మంచి ఏర్పాటని కొన్నాళ్లు మురిసిపోయాను కూడా.

తొంభైల చివరి సంవత్సరాలు. గుంటూరు వైపు నుంచి వచ్చి, గచ్చిబౌలికీ మదీనాగూడకూ మధ్య ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. చుట్టూ రాళ్లు పేల్చి ఆఫీసులు కడుతున్నారు. మధ్యాహ్నం ప్రాక్టికల్స్ జరుగుతుండగా దూరంగా ఢామ్మనేది, బీకర్లు గలగలమనేవి, ఎవరూ తల ఎత్తేవాళ్లు కాదు. ఏటేటా బీయస్సీలో చేరేవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. అందరికీ కంప్యూటరే కావాలి.

కాలేజీ నడిపే కరస్పాండెంటు గారిది ఆ పక్క ఊరే. ఒకరోజు ఏదో సమావేశానికి వెళ్లొచ్చి నన్ను పిలిపించారు.

"సార్, ఇంటర్‌డిసిప్లినరీ అంటే ఏంది?"

"రెండు మూడు శాస్త్రాలు కలిపి చెప్పడమండి."

"మన దగ్గర మూడున్నయ్ గదా. కలుపుండ్రి. ఇంగొకటి గూడ చెప్పిన్రు ఆడ. మొదటి సాలు నుంచే పిల్లలతోని పరిశోధన చేయించాల్నట. గది గూడ వెట్టుండ్రి. జూన్‌ల అడ్మిషన్లు."

ఆ పని నాకే ఎందుకు వచ్చిందంటే, నా ఇంగ్లీషు బాగుంటుందని కాలేజీలో పేరు. ఒక్కరోజు సెలవు చీటీ కూడా రెండు పేజీలు రాసేవాణ్ణి.

మూడు శాఖల వాళ్లం స్టాఫ్‌రూములో కూర్చున్నాం. ఫిజిక్స్ మాస్టారిది కాకినాడ. జువాలజీ మేడమ్ హైదరాబాదులోనే పుట్టి పెరిగిన మనిషి. నీరు అనే ఒక్క అంశాన్ని తీసుకుని మూడు శాస్త్రాలూ దాన్నే మూడు వైపుల నుంచి చూపించాలని నా ఆలోచన. నా బుర్రలో ఉన్నంతసేపు అది మంచి ఆలోచనే.

"నీరంటే ఫిజిక్సేనండీ," అన్నారు మాస్టారు. "తలతన్యత, పీడనం, మరిగే వేడి, అన్నీ మావే. వారానికి ఎనిమిది గంటలు నాకు రాసుకోండి."

"మరి నీళ్లల్ల బతికేటియి?" మేడమ్ అడిగారు. "కప్ప మీ ఫిజిక్స్‌ల వస్తదా?"

"కప్ప గెంతుతుంది కదండీ. గెంతడం ఫిజిక్సే."

"అయితే కోసుడు గూడ మీరే కోయుండ్రి."

అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు గంటలు పంచుకున్నాం. గట్టు తగాదాలు కూడా వచ్చాయి. ఆవిరి ఎవరిదనే దాని మీద ఫిజిక్స్ మాస్టారూ నేనూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి మూడు పాత సిలబస్‌లనూ కత్తెరతో ముక్కలు చేసి, జిగురుతో ఒకే కాగితాల మీద అతికించి, పైన "నీరు: సమగ్ర దృష్టి" అని రాశాను. సమగ్రమైనది జిగురొక్కటే.

పరిశోధన పేపరు మాత్రం పూర్తిగా నా చేతిలో ఉంది. యాభై మార్కులు పెట్టాను. కఠినంగా ఉంటే గౌరవం వస్తుందనుకుని, పరిశోధనలో తప్పినవాళ్లు రెండో ఏడాదికి పోరాదని ఒక నిబంధన కూడా చేర్చాను. ఆ నిబంధన పెట్టమని నన్నెవరూ అడగలేదు.

కొత్త కోర్సుకు అనుమతి ఇచ్చే ఆఫీసులో గుమాస్తా ఫైలు తిరగేసి, వేలు ఒకచోట ఆపాడు.

"పరిశోధన అని రాసిన్రు. మార్కులు ఎట్ల ఏస్తరు? కీ ఏది?"

పరిశోధనకు కీ ఉండదు, ఉంటే అది పరిశోధన కాదు. ఈ వాక్యం నా నోటిదాకా వచ్చింది. ఫైలు వెనక్కి వస్తుందేమోనని దాన్ని మింగి, "ఉందండి, తెచ్చిస్తాను" అన్నాను.

ఆదివారం భోజనం చేసి, ఆవులింతల మధ్య ఆ కీ రాశాను. ఎనిమిది అంశాలు, ఎనిమిది ఫలితాలు. మదీనాగూడ దగ్గరి చెరువు నీళ్లలో ఆమ్లమెంత, నల్లగండ్ల బావి నీళ్ల కఠినత్వమెంత, ఇలాంటివి. ఆ చెరువును బస్సులోంచి చూశాను. ఆ బావిని అసలు చూడనే లేదు. అయినా అంకె వేశాను: రెండు వందల ఎనభై. గుమాస్తా ఒక నకలు తీసుకుని చాలా తృప్తిపడ్డాడు. రెండో నకలు ల్యాబులో నా బల్ల సొరుగులో ఉంచాను.

జూన్‌లో పిల్లలు వచ్చారు. ఒక్కో అంశానికి ముగ్గురేసి. నల్లగండ్ల బావి తీసుకున్న ముగ్గురిలో ఇద్దరు నెలలోపే కంప్యూటరు కోర్సులకు పోయారు. మిగిలింది ఒక్క అమ్మాయి. ఆ ఊరి పిల్లే. తండ్రి రాళ్లు కొట్టే పని చేసేవాడు.

సబ్బు నురగ రాకుండా అడ్డుపడే లవణాలు నీళ్లలో ఎన్ని ఉన్నాయో కొలవడమే కఠినత్వం చూడటం. బ్యూరెట్టు లోంచి చుక్కచుక్కగా ద్రావణం వదులుతుంటే ఎర్రగా ఉన్న నీళ్లు ఒక చుక్క దగ్గర నీలంగా మారతాయి. ఆ చుక్క దగ్గర ఆపి లెక్క కట్టాలి. ఆ అమ్మాయికి ఒకరోజు రెండు వందల పది వచ్చేది, ఇంకోరోజు మూడు వందల నలభై.

"మళ్లీ చెయ్యమ్మా," అన్నాను. "ఒక బావికి ఒక అంకె రావాలి."

"వస్తలేదు సార్. పొద్దుగాల తెచ్చిన నీళ్లకు ఒక తీరు వస్తున్నది, పొద్దుమీకి తెస్తే ఒక తీరు."

"అంటే నీ చెయ్యి కుదురుగా లేదన్నమాట."

"చెయ్యి కుదురుగనే ఉన్నది సార్. బావే కుదురుగ లేదు."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, ఆమె రికార్డులోని రీడింగులను పేజీ తర్వాత పేజీ ఎర్ర పెన్నుతో కొట్టేశాను. అలా నాలుగుసార్లు జరిగింది.

ఐదోసారి ఆమె ఒంటరిగా వచ్చింది. "సార్, ఈ ఏడు తప్పితే మా నాయిన కొత్తగ వచ్చిన ఆఫీసుల డేటా ఎంట్రీకి పంపిస్తానంటున్నడు. మాట గూడ ఇచ్చిండు. పాసైతేనే చదువు."

"అయితే పాసయ్యేలా రీడింగులు తీసుకురా," అన్నాను.

ఆ మాటకు అర్థం సైన్సు చదివినవాళ్లందరికీ తెలుసు. ముందు ఫలితం రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు పుట్టించడం మా తరం మొత్తానికి వచ్చిన విద్య. దాన్ని వంట అనేవాళ్లం. నేను డిగ్రీ అంతా అలాగే వండుకుని తిన్నాను. ఒక పద్దెనిమిదేళ్ల పిల్లను, ఇంట్లో అంత భయం పెట్టుకుని వచ్చిన పిల్లను, నువ్వూ వండు అని చెప్పాను. ఆమె రికార్డు తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ అవే రీడింగులు తెచ్చింది. యాభైకి పదకొండు వేశాను.

మిగతా ఏడు జట్లూ మాత్రం నన్ను ఆనందంలో ముంచేశాయి. ఏ అంశం చూసినా నా కీతో దశాంశం దాకా సరిపోయింది. నా సిలబస్ పండిందనుకున్నాను. ప్రతి రికార్డు కిందా "చాలా బాగుంది" అని రాశాను. కొన్నింటిలో రీడింగులు చదవకుండానే రాశాను.

ఏడాది చివర నగరంలోని ఇంకో కాలేజీ నుంచి ఒక పెద్దాయన ఎగ్జామినరుగా వచ్చారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ముందుగా చెరువు జట్టును పిలిచారు. ముగ్గురు కుర్రాళ్లు ఇస్త్రీ చొక్కాలతో నిలబడ్డారు. నీళ్ల పులుపునీ, క్షారాన్నీ కొలిచే పీహెచ్ అనే కొలత వాళ్లది. మామూలుగా అది సున్నాతో మొదలై పద్నాలుగుతో ముగుస్తుంది. మంచినీళ్లు ఏడు దగ్గర ఉంటాయి.

"ఎంత వచ్చింది బాబూ?"

"పదిహేడు సార్."

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "ఎన్నిసార్లు చూశారు?"

"మూడుసార్లు చూసినం సార్. మూడుసార్లూ పదిహేడే."

"చెరువులో చేపలున్నాయా?"

"మస్తు ఉన్నయ్ సార్."

"పచ్చివా, ఉడికినవా?"

కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన రికార్డు నా వైపు తిప్పారు. పదిహేడు కింద ఎర్ర సిరాతో, నా దస్తూరీలో, "చాలా బాగుంది." ఆదివారం ఆవులింతల మధ్య ఏడు రాయబోయి పదిహేడు రాశానని నాకప్పుడు వెలిగింది.

అప్పటికే జట్టు నాయకుడు, గుమ్మం దగ్గర టీ కప్పులతో నిలబడ్డ ల్యాబ్ అటెండరు వైపు చూస్తున్నాడు. అటెండరు నాకంటే పెద్దవాడు, పిల్లలంటే ప్రాణం. దాచలేదు.

"పిల్లలు పరేషాన్ అయితున్నరని, సార్ సొరుగుల ఉన్న కాయితం సూపెట్టిన సార్. అన్నీ జవాబులే గద అండ్ల."

"నా సొరుగు తెరిచి కాగితం దొంగిలించాడండి," అన్నాను ఎగ్జామినరుతో. ఆ రోజు నేను చేసిన పనులన్నిటిలోకీ నీచమైనది అదే.

"తాళం లేకుండె సార్," అన్నాడు అటెండరు. "దొంగతనం ఎట్లయితది?"

పెద్దాయన ఆ కాగితం తెప్పించుకుని చదివారు. "ఈ రాత మీదేనా మాస్టారూ?"

"నాదేనండి. పదిహేడొక్కటే చెయ్యి జారింది."

"మిగతా ఏడూ జారకుండా రాశారా?"

ఆయన మార్కుల పట్టిక చూసి, తప్పినది ఒక్కరేనని గమనించి, ఆ అమ్మాయిని పిలిచారు. ఆమె రికార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. పేజీలన్నీ ఎర్ర గీతలు.

"ఎవరు కొట్టేశారమ్మా ఇవి?"

"సార్ కొట్టేసిన్రు. కింద అంకెలు కనవడ్తున్నయ్ సార్, చదువుండ్రి."

ఆయన చదివారు. రీడింగుల పక్కన ఆమె రెండు గళ్లు గీసుకుంది. నీళ్లు తోడిన వేళ ఒకటి, ఆ రోజు వచ్చిన టాంకర్లు ఒకటి. నాలుగుసార్లు కొట్టేసిన నాకు ఆ గళ్లు కనబడలేదు.

"టాంకర్లు ఎందుకు?"

"గా కట్టడాలకు మా బావి నీళ్లే గుంజుతున్నరు సార్, పొద్దంత. మాపటికి నీళ్లు అడుగుకు పోతయ్. పైనీళ్లు వేరే, అడుగు నీళ్లు వేరే. ఐతారం టాంకర్లు రావు. ఆనాడు పొద్దుగాల చూసినా పొద్దుమీకి చూసినా తేడా లేదు. ఆరు ఐతారాలు చూసిన."

ఆయన రికార్డు మూసి, దాని మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు. "నీకు ఆ కాగితం చూపించలేదా?"

"సూపెట్టిండు సార్. రెండు నూర్ల ఎనభై అని ఉండె. ఏ యాళ్ల నీళ్లకో రాయలే. ఇగ నేను రాయలే."

రాసి ఉంటే పాసయ్యేది. ఆ సంగతి ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

ఎగ్జామినరు ఆమెకు నలభై రెండు వేసి పట్టిక నా ముందుకు తోశారు. నేను నా పదకొండు కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, పక్కన కారణం రాయాలి. నేను "కూడికలో పొరపాటు" అని రాశాను.

ఆయన చదివి, "పదకొండుకు ఏం కూడితే ఇంత తేడా వచ్చింది మాస్టారూ?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా లెక్క అడిగినట్టే. నేను దాన్ని కొట్టేసి, "పరీక్షించినవాడు రికార్డు చదవలేదు" అని రాశాను. ఆయన కింద సంతకం పెట్టి టీ అడిగారు.

మర్నాడు అటెండరును ఉద్యోగంలోంచి తీసేస్తున్నారని తెలిసి కరస్పాండెంటు గారి గదికి వెళ్లాను. తాళం వెయ్యనిది నేను, కీ రాసింది నేను, దొంగ అన్నదీ నేనేనని చెప్పాను.

"అయితే ఎవర్ని తీసెయ్యాల్నో మీరే చెప్పుండ్రి సార్," అన్నారాయన.

చివరికి ఆయనే, "ఇద్దరూ పనికి పోండ్రి" అన్నారు. అటెండరును క్షమించమని అడిగితే, "ఫికర్ చెయ్యకుండ్రి సార్," అన్నాడు గానీ, నెలరోజుల పాటు నాకు టీ మాత్రం చల్లారాకే తెచ్చాడు.

ఆ వారంలోనే అమ్మాయి వచ్చింది. రెండో ఏడాదికి ఫీజు కట్టేసింది. తండ్రి డేటా ఎంట్రీ మాట వెనక్కి తీసుకున్నాడు. చేతిలో ఆ రికార్డే ఉంది.

"సార్, దీన్ని ఆఫీసుల దాస్తరట, వచ్చే ఏటి పిల్లలకు సూపెట్టెతందుకు. గిట్ల ఎర్రగ ఉంటే ఎట్ల ఇయ్యాలె?"

కొత్త రికార్డు పుస్తకం కొని తెచ్చి, నేనే రాస్తానన్నాను. ఆమె వద్దనలేదు. ల్యాబులో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె చదువుతుంటే నేను రాశాను, చిన్నప్పుడు ఇంపొజిషన్ రాసినట్టు. వేళ, టాంకర్లు, రీడింగు. మూడో పేజీలో చెయ్యి అలవాటు కొద్దీ మూడు వందల ముప్ఫై ఎనిమిదిని మూడు వందల నలభై చేసింది.

"రౌండ్ చెయ్యకుండ్రి సార్. ఉన్నది రాయుండ్రి."

దిద్దాను. ఇంకో పేజీ తిప్పాక ఒక రీడింగు దగ్గర ఆమె ఆగింది. ఐదు వందల పన్నెండు. చుట్టూ ఉన్న వేటితోనూ పొసగని అంకె.

"ఇదేంటమ్మా?"

"ఆనాడు చుక్క దాటింది సార్. ఢామ్మంటే చెయ్యి ఉలిక్కిపడ్డది. నాదే తప్పు."

"అయితే వదిలేద్దామా?"

"వద్దు సార్. రాయుండ్రి. పక్కకు తప్పు అని గూడ రాయుండ్రి."

రాశాను.