జొన్నపిండి దూత

నా చిన్నప్పుడు నాకొక కావలి దూత ఉండేవాడు. కాజీపల్లిలో కంపెనీలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. మా బాపు మందుల కంపెనీలో పని చేసేవాడు. చర్చిలో నడిచే ఆదివారం బడిలో టీచరమ్మ, దేవుడు ప్రతి మనిషి వెంట ఒక దూతను ఉంచుతాడని, కండ్లు తెరిచి చూస్తే ఆ దూత చేసే సైగలు కనబడతాయని చెప్పింది. ఆ రోజు ఇంటికొస్తుంటే నా ముందర తెల్లటి ఈక ఒకటి రాలిపడింది. అది దూత రెక్కలోదే అనుకున్న. ఇగ నా సంబరం చూడాలి.

మా ఇంటి రేకుల మీద పావురాలు కాపురముండేవి కాబట్టి సైగలకు కరువు లేదు. ఈక వాకిట్లో పడితే ఆడుకోమని, పళ్లెం పక్కన పడితే ఇంకొంచెం పెట్టించుకొమ్మని అర్థం చెప్పుకునేదాన్ని. ఇన్ని ఈకలు రాలిపోతే పాపం మా దూతకు చలికాలం ఎట్ల గడుస్తదోనని కొన్నాళ్లు పరేషాన్ కూడా అయిన.

లెక్కల పరీక్ష రోజు పొద్దున ఒక ఈక వచ్చి సరిగ్గా లెక్కల పుస్తకం మీదనే పడింది. ఇంతకంటే ఏం కావాలి? గిన్నెలు తోముతున్న మా నాయనమ్మ దగ్గరికి ఉరికి, దూత ఇవాళ బడికి పోవద్దంటున్నడని చెప్పిన.

నాయనమ్మ తిట్టలేదు. ఈకను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. తర్వాత గోడ మీదుగా పక్కింటి దిక్కు చూసింది.

"నాకు వేరే సైగ కనబడ్తుంది. పక్కింటి అక్క ఇంకా పొయ్యి ముట్టియ్యలే. నిన్న ఆరేసిన బట్టలు తీగ మీదనే ఉన్నయి. నడువ్, సూద్దాం."

పక్కింటి అక్కకు అప్పుడు ఏడో నెల. భర్త తెల్లారకముందే డ్యూటీకి పోతే, లోపల గడియ పెట్టుకొని ఒక్కతే ఉండేది. తలుపు కొడితే తీయలేదు. లోపలి నుంచి మూలుగు మాత్రం వినబడ్డది. నాయనమ్మ ముఖం మారిపోయింది. వంటింటి చిన్న కిటికీకి ఊచలు లేవు. నన్నెత్తి అందులోకి దూర్చింది. నేను నడుము దాకా పోయి ఇరుక్కున్న. నాయనమ్మ వెనుక నుంచి "స్తోత్రం" అని ఒక తోపు, "స్తోత్రం" అని ఇంకో తోపు. మూడో స్తోత్రానికి నేను తలకిందులుగా పోయి జొన్నపిండి డబ్బా మీద పడ్డ.

లేచి నిలబడేసరికి నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లగా ఉన్న. చాప మీద అక్క జ్వరంతో కాలిపోతున్నది. నన్ను చూసి వణుకుతూ రెండు చేతులూ జోడించింది.

"అమ్మా భవానీ, వచ్చినవా!"

ఏటా ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోయి దుర్గాభవానికి మొక్కే మనిషి, అంత జ్వరంలో ఇంకేమనుకుంటది? నేను భవానీని కాదని చెప్పబోయి గట్టిగా తుమ్మిన. పిండి పొగలాగ లేచింది. ఆమె ఇంకా వంగి దండం పెట్టింది.

నేను గడియ తీసిన. నాయనమ్మ అక్క నుదుటి మీద తడిగుడ్డ వేసి, రోడ్డు మీద పోతున్న జీపును ఆపించి పటాన్‌చెరు దవాఖానకు తీసుకపోయింది. ఇంకొంత ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కకపోదురని డాక్టరమ్మ అన్నదట. వారానికి అక్క తేరుకున్నది. నెలలు నిండినంక ఆడపిల్లను కన్నది. నేనైతే ఆ రోజు ఆ పిండితోనే బడికి ఉరికి, ఆలస్యంగా పరీక్ష రాసి, పదకొండు మార్కులు తెచ్చుకున్న.

ఆ సాయంత్రం నా జుట్టులో ఉండలు కట్టిన పిండిని కడుగుతూ నాయనమ్మ నిమ్మళంగా అన్నది. "పని తప్పించేది సైగ కాదు బిడ్డా. కూసున్నదాన్ని లేపి, ఇంకొకళ్ల దగ్గరికి తోలేదే సైగ."

ఇప్పుడు అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంట్‌ల ఉంటున్న. మొన్న ఎదురు ఫ్లాట్ అమ్మాయి పాల ప్యాకెట్ తొమ్మిదైనా తలుపుకే వేలాడుతుంటే ఆగలేక బెల్లు కొట్టిన. నోట్లో బ్రష్షుతో వచ్చి ఏంది ఆంటీ అన్నది. ఏం లేదమ్మా, బతికే ఉన్నవు కదా అని తిరిగొచ్చిన. ఎవరి తలుపు ఎట్లుంటే నీకెందుకని మా ఇంట్ల నవ్వుతారు. నవ్వనీ. ఎన్నిసార్లు ఉత్తదైనా, ఏదో ఒకసారి లోపల ఎవరో మూలుగుతుండొచ్చు. అందుకే బెల్లు కొడుతూనే ఉంటా.