చెల్లెలికి చెప్పలేని నవల

ఈమధ్య మా మనవరాలు ఒక నవల తెచ్చి, చదివి ఎట్లుందో చెప్పు తాతా అని చేతిలో పెట్టి పోయినప్పటి నుంచి నాకు కుదురు లేదు. సముద్రం ఊరి మీదికి వచ్చేస్తే ఒక తల్లీ తండ్రీ ముగ్గురు పిల్లలూ ఎట్లా బతికి బయటపడ్డారో ఆ కథ. నీళ్ళు ఎక్కువై చచ్చేవాళ్ళ బాధ కర్నూలు పడమటి పల్లెలో పుట్టిన నాకేం తెలుస్తుందిలే అని తేలిగ్గా మొదలుపెట్టాను గానీ, మూడు రోజులు అన్నం సహించలేదు. పొద్దున నడకకు వచ్చే మా ఈడు వాళ్ళందరికీ చదవమని చెప్పాను. కళ్ళు సరిగా కనపడవని తప్పించుకోబోయిన మా వియ్యంకుణ్ణి కూర్చోబెట్టి రెండు అధ్యాయాలు నేనే చదివి వినిపించాను. ఒక్క మా చెల్లెలికి మాత్రం చెప్పలేదు. అసలు చెప్పాల్సింది ఆమెకే.

ఆ నవలలో పెద్దకొడుకు అందరి కోసం దాచిన రొట్టెను దొంగతనంగా తింటాడు, నింద తమ్ముడి మీదికి పోతుంటే తట్టుకోలేక తానే ఒప్పుకుంటాడు. ఆ పేజీ దగ్గరే నా ప్రాణం కొట్టుకుంటోంది.

కరువు చూసినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. వరుసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. నాకు పదేళ్ళు, చెల్లెలికి ఏడు. ఇంట్లో జొన్నలు అడుగంటినా, మూలగదిలో విత్తనపు వేరుశనగ మూట మాత్రం కదలకుండా ఉండేది. మా అవ్వ దాని మూతి దబ్బనంతో కుట్టి, పసుపూ కుంకుమా పెట్టి, విత్తే వాన పడేదాకా ఎవరూ ముట్టగూడదని ఆన పెట్టింది. పస్తులైనా ఉంటారు గానీ విత్తనం తినరు, మా పక్క రైతుల పంతం అది. ఆ మూటకు ఎలుక కొరికిన మూల ఒకటి నాకు దొరికింది. రోజూ మధ్యాహ్నం గుప్పెడు బుడ్డలు, అదే వేరుశనగ కాయలు, లాక్కుని తిని, పొట్టు బయట వేస్తే తెలిసిపోతుందని చెల్లెలి బొంత చిరుగులో దోపేవాణ్ణి. ఆ తెలివి ఎట్లా పుట్టిందో, తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

చివరికి వాన పడింది. నాన్న మూట విప్పితే సగం చేనుకు కూడా చాలలేదు. ఇల్లంతా వెతికి బొంత దులిపితే పొట్టు జలజలా రాలింది. విత్తనం తిన్న నోరు చేని దగ్గర ఉండగూడదని అవ్వ తేల్చేసింది. అప్పుడే వేంపల్లె నుంచి మా మేనత్త వచ్చి ఉంది. ఆమెకు బావి కింద తోట ఉంది, పిల్లలు లేరు. పంట చేతికొచ్చేదాకా తీసుకుపొమ్మని చెల్లెల్ని అమ్మ ఆమెకు అప్పగించింది. చెల్లెలు ఏడవలేదు, మారు మాట్లాడలేదు, నావైపు ఒకసారి చూసి బస్సెక్కింది. అక్కడే పెరిగింది, పెళ్ళి కూడా ఆ ఊళ్ళోనే అయింది. పండగలకు చుట్టం మాదిరి వచ్చిపోయేది.

నిన్న ఇక ఉండబట్టలేక ఫోన్ చేశాను. నవల సంగతితో మొదలుపెట్టి, బొంతలో పొట్టు దాకా వచ్చాను.

"తెలుసులేన్నా. నువ్వు దోపుతాంటే పండుకోని చూస్తాంటి. అత్తోళ్ళింట్లో రెండు పూట్లా సంగటి పెడతారంట, పోతే పోనీలే అని నేనే గమ్మునుంటి," అంది.

ఇన్నేళ్ళ బరువు దిగినట్టయింది నాకు. మళ్ళీ తనే అంది.

"బుడ్డలు పెరికినాంక వచ్చి పిల్చుకపోతారనుకుంటి. దినామూ బస్సొచ్చే యాలకు వాకిట్లో కూసుంటాంటి. ఆ యేడు పంట బాగానే వచ్చెగదన్నా, ఎవురూ రాకపోతిరి."

ఆ యేడు వేసినంతా పండింది, కడుపునిండా తిన్నాం. అది అక్కడ సుఖంగా ఉందిలే అని పెద్దవాళ్ళు అనుకున్నారు, పిలుచుకొద్దామని నేనూ అనలేదు. కాయలు తిన్న సంగతి ఒక్కటే పాపమని ఇన్నాళ్ళూ మోశాను.

ఇప్పుడు మా ఊరికి విత్తనం ప్యాకెట్లలో వస్తోంది. రేషన్ బియ్యం పుణ్యమా అని కూటి కోసం బిడ్డను ఇంకో ఇంటికి పంపేవాళ్ళూ లేరు. వచ్చే వారం నవల పట్టుకుని వేంపల్లె పోతున్నాను, చెల్లెల్ని పిలుచుకొద్దామని. అప్పుడు పోయి ఉంటే పావడా కూడా మార్చుకోకుండా పరుగెత్తుకొచ్చేది. ఇప్పుడు వచ్చినా నాలుగు రోజులుంటుంది, అయిదో రోజు పొద్దున్నే సంచి సర్దుకుని, ఇంటికి పోవాలన్నా అంటుంది.